ఖోసా సమాజంలో పురుషత్వభావన: దీక్ష, గృహం, సభ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ ప్రాంతంలో నివసించే ఖోసా ప్రజల్లో బాలుడు పురుషుడుగా గుర్తింపు పొందాలంటే ‘ఉల్వాలుకో’ అనే సున్తీ దీక్షను పూర్తిచేయాలి. ఈ దీక్షాకాలంలో సంభవిస్తున్న యువకుల మరణాల కారణంగా ఈ ఆచారం నేడు కొందరికి వైద్యసమస్యగా, కొందరికి కాలం చెల్లిన సంప్రదాయంగా కనిపిస్తోంది. ఈ రెండు దృష్టులూ సమస్యను వర్తమానానికే పరిమితం చేస్తున్నాయి. వలసపాలనకు ముందు ఖోసా పురుషత్వానికి దీక్ష, గృహం, సభ అనే మూడు ఆధారాలు ఉండేవి. భూమి, పశుసంపద, స్వపరిపాలన చేజారడంతో చివరి రెండు ఆధారాలు బలహీనపడ్డాయి. ఫలితంగా పురుషత్వభారమంతా దీక్షమీద, దీక్షలోనూ శరీరంమీది గాయంమీద పడింది. ఈ పరిణామక్రమాన్ని 19వ శతాబ్దం నుండి నేటివరకు పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఖోసా, ఉల్వాలుకో, పురుషత్వం, దీక్ష, వలసకూలి, దక్షిణాఫ్రికా, నెల్సన్ మండేలా, పోండోలాండ్.

1. ఉపోద్ఘాతం:

బాలుడు ఎప్పుడు పురుషుడవుతాడనే ప్రశ్నకు ఆధునిక సమాజాల్లో ఒకే సమాధానం లేదు. ఓటుహక్కు వచ్చే వయస్సు, మొదటి సంపాదన, వివాహం, సంతానం వంటివన్నీ తలా ఒక పాలు సమాధానాన్ని ఇస్తాయి. ఖోసా సమాజం మాత్రం ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. దీక్ష పూర్తిచేసినవాడు పురుషుడు, చేయనివాడు ఎంత వయస్సు వచ్చినా బాలుడే.

ఇటువంటి సంస్కారాలను శాస్త్రీయంగా వివరించినవారిలో ఫ్రెంచి పండితుడు ఆర్నల్డ్ వాన్ జెనెప్ ముఖ్యుడు. 1909లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఈ సంస్కారాలకు మూడు దశలు చెప్పాడు. అవి పాతస్థితి నుండి విడివడడం, ఏ స్థితికీ చెందని నడిమి దశలో ఉండడం, కొత్తస్థితిలో తిరిగి సమాజంలో చేరడం. ఉల్వాలుకోలో ఈ మూడు దశలూ స్పష్టంగా కనిపిస్తాయి. సంస్కారం మనిషికి రెండవ జన్మనిస్తుందనే భావన ఉపనయనం ద్వారా తెలుగు పాఠకులకు పరిచితమే. అయితే ఉపనయనం కొన్ని వర్ణాలకు పరిమితమైనది. ఉల్వాలుకోలో నాయకుని కుమారుడూ సామాన్యుని కుమారుడూ ఒకే చోట, ఒకే కాలంలో దీక్ష పొందుతారు. ఈ తేడా తరువాతి చర్చకు కీలకం.

ఖోసా జీవనాన్ని గురించి విస్తృతమైన పరిశోధన జరిగింది. 1930లలో జాన్ హెండర్సన్ సోగా, మోనికా హంటర్, 1960లలో ఫిలిప్ మేయర్ దీనిని మానవశాస్త్ర దృష్టితో పరిశీలించారు. తరువాతి తరంలో జెఫ్ పీరెస్ ఖోసా రాజ్యాల చరిత్రను, డన్‌బార్ మూడీ గనికార్మికుల జీవితాన్ని, ఆన్ మేగర్ యువజన సమూహాలను, తెంబెలా కేపే దీక్షామరణాలను అధ్యయనం చేశారు. వీరు వేర్వేరుగా చెప్పిన అంశాలను పురుషత్వభావన అనే ఒకే సూత్రంతో అనుసంధించి చూసినప్పుడు నేటి సంక్షోభానికి మూలాలు బోధపడతాయి.

2. పదాలలో పురుషత్వం:

ఖోసా భాష దక్షిణాఫ్రికా అధికారభాషల్లో ఒకటి. జులూ, స్వాతి, ఎన్‌డెబెలె భాషలకు ఇది సోదరభాష. నాలుకతో చప్పరించినట్లు పలికే ధ్వనులు ఇందులో అనేకం ఉన్నాయి. తెలుగు లిపిలో వాటిని రాయడం సాధ్యం కాదు కనుక ఈ వ్యాసంలో వాడిన రూపాలు సమీప ఉచ్చారణలు మాత్రమే.

ఖోసాలో బాలుణ్ని ‘ఇన్‌క్వెన్‌క్వే’ అని, పురుషుణ్ని ‘ఇండోడా’ అని అంటారు. దీక్షలో ఉన్న యువకుడు ‘ఉమ్ఖ్వెతా’. దీక్ష ముగించుకొని కొత్తగా ఊరికి వచ్చినవాడు ‘ఇక్ర్వాలా’. ఈ నాలుగు పదాల్లో ఏదీ కేవలం వయస్సును సూచించదు, ప్రతిదీ ఒక స్థితిని సూచిస్తుంది. నలభై ఏళ్లవాడైనా దీక్ష లేకపోతే సమాజం అతణ్ని ఇన్‌క్వెన్‌క్వే అనే పిలుస్తుంది. ఆ పిలుపు తీవ్రమైన అవమానం.

పురుషత్వానికి ఖోసా పదం ‘ఉబుడోడా’. ‘ఉబు’ అనే ఉపసర్గ భావవాచకాలను ఏర్పరుస్తుంది. ప్రపంచానికి తెలిసిన ‘ఉబుంటు’ అనే మాటలో ఉన్నదీ అదే. తెలుగులో ‘మగతనం’, ‘పురుషత్వం’ అనే మాటలు వ్యవహారంలో ఎక్కువగా శరీరబలాన్ని, ధైర్యాన్ని, సంతానోత్పత్తి శక్తిని స్ఫురింపజేస్తాయి. ఉబుడోడా పరిధి ఇంతకంటె విస్తృతమైనది. డన్‌బార్ మూడీ సంభాషించిన మ్పోండో వృద్ధులు ఉబుడోడా అంటే ఇంటిని నిలబెట్టడం, ఇరుగుపొరుగుకు సాయపడడం అని చెప్పారు. భర్త గనిలో ఉండగా ఇంటిని సమర్థంగా నడిపిన స్త్రీకీ ఆ గుణం ఉంటుందని వారు అంగీకరించారు. స్త్రీకి కూడా వర్తించగల ‘పురుషత్వం’ శరీరధర్మం కాలేదు. అది బాధ్యతకు పెట్టిన పేరు. ఈ విస్తృతార్థం ఎలా సంకుచితమైందన్నదే ఈ వ్యాసంలోని ప్రధానప్రశ్న.

3. దీక్షాక్రమం:

దీక్షకు వెళ్లే యువకులను ఊరికి దూరంగా కొండవాలులో గాని, నది ఒడ్డున గాని వేసిన గుడిసెలో ఉంచుతారు. సున్తీ చేసే వ్యక్తి ‘ఇంగ్‌సిబి’. గాయానికి కట్టు కట్టి, రాత్రింబవళ్లు కనిపెట్టుకొని, నడవడి నేర్పే సంరక్షకుడు ‘ఇఖన్‌కథా’. కోత జరిగిన మరుక్షణం యువకుడు “న్డియిండోడా” అని బిగ్గరగా పలకాలి. ‘నేను పురుషుణ్ని’ అని దాని అర్థం. నొప్పికి అరవకూడదు, ముఖం చిట్లించకూడదు.

తరువాతి మొదటి వారం అత్యంత కఠినమైనది. ఆ రోజుల్లో నీటిమీద, ఆహారంమీద కట్టడి ఉంటుంది. యువకుల శరీరమంతా తెల్లసుద్ద పూస్తారు. అది వారు లోకానికి దూరంగా ఉన్నారనడానికి గుర్తు. గాయం మానిన తరువాత పెద్దలు కులచరిత్ర, దీక్షాకాలపు ప్రత్యేకభాష, కుటుంబధర్మాలు బోధిస్తారు. చివరిరోజున యువకులు నదిలో స్నానం చేసి సుద్ద కడుగుకుంటారు. గుడిసెకు, అందులోని పాతవస్తువులకు నిప్పు పెడతారు. వెనుదిరిగి చూడకుండా ఊరికి రావడం నియమం. ఊరిలో ‘ఉమ్గిడి’ అనే విందు జరుగుతుంది. కొత్త పురుషుడు కొత్త దుస్తులు, కొత్త పేరు, బంధువుల కానుకలు, పెద్దల హితవచనాలు అందుకుంటాడు.

పూర్వం ఈ దీక్ష కొన్ని నెలలపాటు సాగేది. బడి సెలవులకు, ఉద్యోగపు సెలవులకు అనుగుణంగా నేడు అది ఎక్కువచోట్ల మూడు నాలుగు వారాలకు కుదించుకుపోయింది. జూన్-జులై, నవంబరు-డిసెంబరు నెలలు నేటి దీక్షాకాలాలు. కాలం కుదించినప్పుడు గాయం మానేందుకు పట్టే వ్యవధిని తగ్గించడం సాధ్యం కాదు. తగ్గినది బోధనకు కేటాయించిన కాలమే.

4. వలసపాలనకు పూర్వం: మూడు ఆధారాలు:

దీక్షతో పురుషత్వం మొదలవుతుంది గాని పూర్తి కాదు. దానిని నిలబెట్టే మరో రెండు ఆధారాలు ఉండేవి.

మొదటిది ‘ఉమ్జి’, అంటే ఇల్లు, పశువులదొడ్డి, పొలం కలసిన గృహస్థావరం. దీక్ష పొందిన యువకుడు పెళ్లి చేసుకోవడానికి వధువు కుటుంబానికి ‘లోబోలా’గా పశువులు ఇవ్వాలి. ఆ పశువులు తండ్రి మందనుండి వచ్చేవి. కనుక యువకుని పురుషత్వం తండ్రి సహకారంమీద, తండ్రి అధికారం పశుసంపదమీద ఆధారపడి ఉండేవి. తరాలమధ్య ఉన్న ఈ పరస్పరాశ్రయం సమాజాన్ని కట్టి ఉంచింది.

రెండవది ‘ఇన్‌కుండ్లా’, అంటే నాయకుని ముంగిట పశువులదొడ్డి దగ్గర జరిగే పురుషుల సభ. తగాదాలు, భూమి పంపకం, యుద్ధం, సంధి అక్కడ చర్చకు వచ్చేవి. దీక్ష పొందినవాడికే ఆ సభలో కూర్చునే, మాట్లాడే హక్కు. నాయకుని కుమారుడు దీక్షకు వెళ్లినప్పుడు అదే వయస్సు యువకులు అతనితో కలసి వెళ్లేవారు. తరువాతి కాలంలో వారే అతని అనుచరులు, సలహాదారులు అయ్యేవారు. ఆ విధంగా దీక్షలోని సాహచర్యం రాజ్యాంగవ్యవస్థకు పునాదిగా పనిచేసింది.

బాలుడికి కర్ర, పురుషుడికి మాట. యువజన సమూహాలను అధ్యయనం చేసిన ఫిలిప్, అయోనా మేయర్ దంపతుల పరిశీలనల సారాంశం ఇదే. పశువులు కాసే బాలురు కర్రసాములో పోటీపడి ధైర్యం చాటుకునేవారు. వారాంతాల్లో ‘ఉమ్చోచో’ అనే ఆటపాటల కూడికల్లో కలిసేవారు. దీక్ష తరువాత ‘ఇంట్లోంబె’ అనే యువకుల కూడికలో చేరేవారు. అక్కడ తగాదా వస్తే కర్రతో గాక వాదంతో, తీర్పుతో పరిష్కరించుకోవడం నేర్చుకునేవారు. హింసను అదుపులో పెట్టుకోగల శక్తి పురుషలక్షణంగా, అదుపులేని కోపం బాల్యలక్షణంగా పరిగణన పొందేవి.

5. ఆధారాలు కూలిన వైనం:

1779 నుండి 1879 వరకు ఖోసాలకూ కేప్ వలసపాలకులకూ మధ్య జరిగిన తొమ్మిది సరిహద్దు యుద్ధాల్లో ఖోసాలు తమ భూమిలో అధికభాగం కోల్పోయారు. 1856-57లో నోంగ్‌కావుసె అనే బాలిక చెప్పిన భవిష్యవాణిని నమ్మి వారు తమ పశువులను తామే సంహరించారు. పూర్వికులు లేచివస్తారు, కొత్త మందలు పుడతాయి, వలసపాలకులు తొలగిపోతారు అన్నది ఆ నమ్మకం. సుమారు 4 లక్షల పశువులు, 40 వేలమంది మనుషులు నశించారని చరిత్రకారుల అంచనా. బతికినవారిలో వేలాదిమందిని గవర్నరు జార్జి గ్రే ప్రభుత్వం కేప్ కాలనీలో కూలిపనులకు పంపింది. పశువులు పోవడమంటే ఆహారం పోవడం మాత్రమే కాదు. తండ్రి చేతిలో లోబోలా లేదు, కొడుకు చేతిలో ఉమ్జి లేదు. 1897లో వ్యాపించిన పశుమారి కొంత కోలుకుంటున్న మందలను మళ్లీ దెబ్బతీసింది.

ఇదే కాలంలో మిషనరీలు దీక్షను అనాగరికమని ఖండించారు. మిషన్‌లో పెరిగిన టియో సోగా ఇందుకు విషాదకరమైన ఉదాహరణ. 1856లో స్కాట్లాండులో ప్రెస్బిటీరియన్ గురువుగా పట్టం పొంది, మరుసటి సంవత్సరం స్వదేశానికి తిరిగివచ్చిన ఆయన దీక్ష పొందలేదు. గొప్ప విద్వాంసుడైనా ఎందరో ఖోసాల దృష్టిలో ఆయన పురుషులకు నీతిచెప్పే ఇన్‌క్వెన్‌క్వే. సమాజం క్రమంగా ఎర్రమన్ను పూసుకునే ‘ఎర్రవారు’, బడికీ చర్చికీ వెళ్లే ‘బడివారు’ అని రెండుగా చీలింది. అయినా దీక్షను ఈ రెండువర్గాలూ వదులుకోలేదు. చర్చి మాట విన్న కుటుంబాలు సైతం కొడుకులను రహస్యంగా కొండకు పంపేవి. వేషం, విశ్వాసం, విద్య మారినా మారనిది దీక్ష ఒక్కటే. దాని విలువ పెరగడానికి ఈ స్థిరత్వం ఒక కారణం.

బడివారికి కొంతకాలం కొత్తరకం సభ లభించింది. కేప్ కాలనీలో 1853 నుండి నిర్ణీత ఆస్తి ఉన్న పురుషులకు వర్ణభేదం లేకుండా ఓటు ఉండేది. 1884లో జాన్ టెంగో జబావు ‘ఇమ్వో జబాంట్సుండు’ అనే పత్రికను స్థాపించాడు. పత్రిక, ఓటు ఇన్‌కుండ్లాకు ప్రత్యామ్నాయాలుగా ఎదిగే అవకాశం కనిపించింది. ఇది ఎక్కువకాలం నిలవలేదు. 1887, 1892 చట్టాలు ఓటర్ల అర్హతను కఠినం చేశాయి. 1936లో ఆఫ్రికన్లను సాధారణ ఓటర్ల జాబితానుండి తొలగించారు. 1951 నాటి బంటు అథారిటీస్ చట్టం గ్రామనాయకులను ప్రభుత్వపు జీతగాళ్లుగా మార్చింది. దీనిని వ్యతిరేకించిన పోండోలాండ్ ప్రజలు కొండలమీద తమ సభలు తామే జరుపుకున్నారు. 1960 జూన్ 6న ఎంగూజా కొండమీద జరిగిన అటువంటి సభపై పోలీసులు కాల్పులు జరిపి 11 మందిని చంపారు. మాట్లాడే చోటును కాపాడుకోవడానికి పురుషులు ప్రాణాలు ఇవ్వవలసివచ్చింది.

6. గనిలో ‘బాయ్’:

1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడిన తరువాత గనులకు లక్షలాది కూలీలు కావలసివచ్చారు. సెసిల్ రోడ్స్ 1894లో తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం ఏడాదిలో మూడునెలలు బయట కూలిపని చేయని పురుషులపై 10 షిల్లింగుల పన్ను విధించింది. ఆ పన్ను సరిగా వసూలు కాక 1905లో రద్దయింది. అయితే గుడిసెపన్ను, భూమికొరత ఆ చట్టం తలపెట్టిన పనిని పూర్తిచేశాయి. 1913 భూచట్టం దేశంలోని భూమిలో సుమారు 7 శాతాన్ని మాత్రమే ఆఫ్రికన్లకు మిగిల్చింది. 1936లో అది సుమారు 13 శాతానికి పెరిగింది.

ఫలితంగా ఇంటిని నిలబెట్టాలంటే ఇంటికి దూరం కావడం అనివార్యమైంది. లోబోలా పశువులను కొడుకు తన కూలిడబ్బుతో కొనసాగాడు. తండ్రిమీద ఆధారపడడం తగ్గడంతో తండ్రి మాటకు విలువా తగ్గింది. గని ఆవరణల్లో ఏళ్లతరబడి భార్యాబిడ్డలకు దూరంగా గడిపే పురుషుడు ఇంటికి డబ్బు పంపే పేరుగా మిగిలాడు.

ఈ దశలో ఎదురైన అవమానం ఒకే మాటలో ఇమిడి ఉంది. తెల్లయజమానులు ఏ వయస్సు ఆఫ్రికన్ పురుషుణ్నైనా ‘బాయ్’ అనేవారు. తోటవాడు ‘గార్డెన్ బాయ్’, ఇంటిపనివాడు ‘హౌస్ బాయ్’, గనిలో కూలీలపై పెద్ద ‘బాస్ బాయ్’. ఇతర సమాజాలకు ఇది చిన్నచూపు మాత్రమే కావచ్చు. బాలుడికీ పురుషుడికీ మధ్య రక్తంతో గీత గీసుకున్న సమాజానికి మాత్రం ఇది సంస్కారాన్నే రద్దుచేసే మాట. పేరును అవమానంగా మార్చడం దక్షిణాఫ్రికాలోని భారతీయులకూ అనుభవమే. 1860 నవంబరు 16న మద్రాసునుండి నాటాల్ చేరిన ‘ట్రూరో’ ఓడతో మొదలైన ఒప్పందకూలీల వలసలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వారి పేర్ల చివరి ‘స్వామి’ తెల్లవారి నోట ‘సామి’ అనే ఈసడింపు పిలుపు అయింది. ప్రభువు అని అర్థమిచ్చే మాట కూలికి పర్యాయపదమైన ఈ వైపరీత్యాన్ని గాంధీ తన రచనల్లో ప్రస్తావించాడు.

7. 1934: ఒక దీక్ష, ఒక ప్రసంగం:

మూడు ఆధారాలూ, వాటి పతనమూ ఒకే సందర్భంలో కనిపించే ఘట్టం నెల్సన్ మండేలా ఆత్మకథ ‘లాంగ్ వాక్ టు ఫ్రీడమ్’లో ఉంది. 1934లో, పదహారేళ్ల వయస్సులో, మ్బాషె నది ఒడ్డున త్యాలారా అనే చోట ఆయన దీక్ష పొందాడు. ఆ దీక్ష ప్రధానంగా తెంబు రాజప్రతినిధి జోంగిన్‌టాబా కుమారుడైన జస్టిస్ కోసం ఏర్పాటైంది. మొత్తం 26 మంది యువకులు అందులో పాల్గొన్నారు. నాయకుని కుమారునితో తోటివారూ దీక్ష పొందే పూర్వపద్ధతి అప్పటికీ కొనసాగుతున్నదనడానికి ఇది నిదర్శనం.

ఆ సందర్భంలో మండేలాకు లభించినవి మూడు. ఒకటి దీక్షాగాయం. రెండు ఆవుదూడలు, నాలుగు గొర్రెలు రెండవది. ఇది ఉమ్జికి బీజం. మూడవది ‘దాలిబుంగా’ అనే కొత్త పేరు. ట్రాన్స్‌కై పాలకసభ అయిన ‘బుంగా’ను స్థాపించేవాడు అని దాని అర్థం. ఇది సభకు సంకేతం. గృహం, సభ రెండూ చేతికి అందినట్లే కనిపించిన ఆ రోజున మెలిగిలి అనే నాయకుడు ప్రసంగించాడు. ఈ యువకులకు ఇస్తామన్న పురుషత్వం నెరవేరని వాగ్దానమని ఆయన అన్నాడు. సొంతదేశంలోనే తాము బానిసలమని, ఈ యువకులు నగరాలకు పోయి మురికివాడల్లో బతుకుతారని, గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుంటారని, నాయకుల బిడ్డలకు పాలించే అధికారం ఎన్నటికీ రాదని హెచ్చరించాడు.

ఆనాడు ఆ మాటలు మండేలాకు కోపం తెప్పించాయి. వాటిలోని సత్యం తరువాతి కాలంలో బోధపడిందని ఆయన రాసుకున్నాడు. నిజానికి మెలిగిలి దీక్షను నిందించలేదు. దీక్ష తరువాత రావలసినవి రావడం లేదని చెప్పాడు. ఆయన మాట ఎంత నిజమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గనిధూళివల్ల ఊపిరితిత్తుల వ్యాధి పాలైన కార్మికులకు, మరణించినవారి కుటుంబాలకు సుమారు 500 కోట్ల రాండ్ల పరిహారం చెల్లించే ఒప్పందాన్ని జొహానెస్‌బర్గ్ హైకోర్టు 2019లో ఆమోదించింది. హెచ్చరికకూ పరిహారానికీ మధ్య 85 ఏళ్లు గడిచాయి.

తరువాతి తరంలో స్టీవ్ బీకో ఈ ప్రశ్నను రాజకీయభాషలోకి తెచ్చాడు. నల్లజాతి పురుషుడు తన పురుషత్వాన్ని కోల్పోయి లోపలినుండి ఖాళీ అయ్యాడని, దానిని తిరిగి పొందడమే విముక్తికి తొలిమెట్టని ఆయన వాదించాడు. 1976 తరువాత బడిపిల్లలే ఉద్యమానికి ముందు నడిచారు. దీక్ష పొందనివారు పోరాటనాయకులు కావడంతో పెద్దల మాటకు మిగిలిన కొద్దిపాటి బలమూ సన్నగిల్లింది.

8. గాయమే మిగిలిన చోట:

1994లో ప్రజాస్వామ్యం వచ్చింది, సభ తిరిగి తెరుచుకుంది. ఉమ్జి మాత్రం తిరిగి రాలేదు. గనుల్లో ఉద్యోగాలు తగ్గాయి, ఈస్టర్న్ కేప్ దేశంలో నిరుద్యోగం అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఒకటిగా మిగిలింది. లోబోలా చెల్లించలేక వివాహాలు వాయిదా పడసాగాయి. సొంత ఇల్లు, వివాహం, ఉద్యోగం లేని యువకునికి పురుషుడనిపించుకునే దారి ఒక్కటే మిగిలింది. అది దీక్ష.

మైస్నర్, బూసో అనే వైద్యపరిశోధకులు 2007లో ప్రచురించిన వివరాల ప్రకారం 2001 నుండి 2006 వరకు ఈస్టర్న్ కేప్‌లో దీక్షల కారణంగా 2,262 మంది ఆసుపత్రుల్లో చేరారు, 115 మంది మరణించారు, 208 మంది జననాంగాన్ని కోల్పోయారు. నీరు ఇవ్వకపోవడంవల్ల శరీరం ఎండిపోవడం, గాయం చీము పట్టి విషం రక్తంలోకి పాకడం, బిగుతైన కట్టువల్ల కణజాలం కుళ్లిపోవడం, సంరక్షకులు కొట్టడం ఇందుకు ముఖ్యకారణాలు. ఇవన్నీ నివారించదగినవే. అయినా ఎందుకు నివారణ కాలేదన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న.

దీనికి పోండోలాండ్ అనుభవం సమాధానమిస్తుంది. మ్పోండోలు 19వ శతాబ్దంలో రాజు ఫాకూ కాలంలో సున్తీని మానివేశారు. తరువాతి అనేక తరాలు దీక్ష లేకుండానే పురుషులయ్యాయి. 20వ శతాబ్దం చివరిదశలో పట్టణాల్లో, పనిచోట్ల దీక్ష పొందినవారి ఎగతాళికి గురైన మ్పోండో యువకులు దానిని తమంత తాము తిరిగి చేపట్టారు. వారి తండ్రులకు, తాతలకు ఆ అనుభవం లేదు. దీక్ష పొందనివారు ఆ గుడిసెలోకి అడుగుపెట్టకూడదు. కనుక పర్యవేక్షణ వయస్సులో, అనుభవంలో చిన్నవారి చేతుల్లోకి పోయింది. తెంబెలా కేపే 2010లో చేసిన అధ్యయనం బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం లేకపోవడాన్నీ, రహస్యనియమం మరణాలకు దోహదం చేయడాన్నీ చూపింది. సంప్రదాయం బలంగా ఉండడంవల్లనే మరణాలు సంభవిస్తున్నాయన్న సాధారణాభిప్రాయాన్ని ఇది తలకిందులు చేస్తుంది. సంప్రదాయం తెగిపోయి, దాని గుర్తు మాత్రమే మిగిలిన చోట ప్రమాదం ఎక్కువైంది.

బోధనలోనూ మార్పు వచ్చింది. ఒకప్పుడు దీక్ష లైంగికనిగ్రహాన్ని నేర్పేదని, ఇటీవలి కాలంలో కొందరు యువకులు దానిని లైంగికస్వేచ్ఛకు అనుమతిపత్రంగా భావిస్తున్నారని లూయీజ్ విన్సెంట్ 2008లో విశ్లేషించారు. పెద్దలు లేని గుడిసెలో తోటివారే గురువులైతే ఇటువంటి మార్పు సహజం.

9. రహస్యం, సాహిత్యం, చట్టం:

ఆసుపత్రిలో సున్తీ చేయించుకున్నవాడిని గాని, గాయం చెడి ఆసుపత్రికి వెళ్లినవాడిని గాని తోటివారు పూర్తిపురుషుడుగా అంగీకరించరు. ప్రాణాపాయంలోనూ యువకుడు గుడిసె వదలకపోవడానికి ఇదే కారణం. థాండో మ్‌గొలొజానా 2009లో రాసిన ‘ఎ మ్యాన్ హూ ఈజ్ నాట్ ఎ మ్యాన్’ నవల ఈ విషయాన్నే ఇతివృత్తంగా స్వీకరించింది. సంరక్షణ కరువై గాయం చెడిన యువకుడు ఆసుపత్రికి వెళ్లి బతుకుతాడు. బతికినందుకే అతని పురుషత్వం ప్రశ్నార్థకమవుతుంది. తప్పు చేసినవారు పెద్దలు, శిక్ష అనుభవించినవాడు యువకుడు.

జాన్ ట్రెంగోవ్ దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘ఇన్‌హేబా’ చిత్రం దీక్షాగుడిసెలో పురుషులమధ్య ప్రేమను చిత్రించింది. ఆ పేరుకు గాయం అని అర్థం. సంప్రదాయరహస్యాన్ని బయటపెట్టిందంటూ నిరసనలు చెలరేగాయి. 2018 ఫిబ్రవరిలో అప్పీలు మండలి దానిని సాధారణ సినిమాశాలల్లో ప్రదర్శించడానికి వీలులేని వర్గంలో చేర్చింది. అదే ఏడాది న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. నిరసనకారుల కోపంలో ఒక న్యాయం ఉంది. వలసపాలన అన్నింటినీ లాక్కున్న తరువాత తమదిగా మిగిలిన ఒకే ఒక్క చోటును బయటివారి చూపునుండి కాపాడుకోవాలన్న తపన అది. అయితే అదే రహస్యం మరణాలను కూడా దాచిపెట్టింది.

ప్రభుత్వం చట్టాల ద్వారా జోక్యం చేసుకుంది. ఈస్టర్న్ కేప్ రాష్ట్రం 2001లో సంప్రదాయ సున్తీలో ఆరోగ్యప్రమాణాలకు సంబంధించిన చట్టం చేసింది. 2005 బాలల చట్టం మత, వైద్యకారణాలకు మినహా 16 ఏళ్లలోపు బాలురకు సున్తీ నిషేధించింది. 2021 నాటి సంప్రదాయదీక్షల చట్టం దేశవ్యాప్తంగా పర్యవేక్షక సంఘాలను ఏర్పరచి, 18 ఏళ్లలోపువారికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. ఇవి అవసరమైన చర్యలే. నియమబద్ధంగా నడిచే గుడిసెల్లో ప్రాణాలు నిలుస్తాయి కూడా. అయితే ఈ చట్టాల దృష్టి అంతా గాయం చుట్టూనే తిరుగుతుంది. గుడిసెనుండి బయటికి వచ్చిన యువకుడు ఏ ఇంటిని నిలబెడతాడు, ఏ సభలో మాట్లాడతాడు అన్న ప్రశ్న చట్టం పరిధిలో లేదు.

10. ముగింపు:

పై పరిశీలనవల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, ఖోసా పురుషత్వం మూలంలో శరీరధర్మం కాదు, సమాజం ఇచ్చే గుర్తింపు. దీక్ష దానికి ప్రవేశద్వారం మాత్రమే. ఇంటిని నిలబెట్టడం, సభలో మాటకు విలువ సంపాదించడం దాని సారం.

రెండు, భూమి, పశువులు, స్వపరిపాలన కోల్పోవడం ఆర్థిక, రాజకీయ నష్టాలతో ఆగలేదు. పురుషుడంటే ఎవరన్న భావననే అవి మార్చివేశాయి. ద్వారం మిగిలింది, అది తెరుచుకోవలసిన ఇల్లు మిగల్లేదు.

మూడు, దీక్షామరణాలను సంప్రదాయపు అతిశయంగా గాక, సంప్రదాయపు ఖండనకు ఫలితంగా అర్థం చేసుకోవాలి. పోండోలాండ్ ఇందుకు బలమైన ఆధారం. అంతమాత్రాన నేటి పెద్దలు, సంరక్షకులు, నాయకులు బాధ్యతనుండి తప్పించుకోలేరు. చరిత్ర కారణాన్ని చెబుతుంది గాని నిర్లక్ష్యాన్ని క్షమించదు.

నాలుగు, పరిష్కారానికి కావలసిన భావన ఖోసా సంప్రదాయంలోనే ఉంది. ఇంటిని నిలబెట్టేవారికి, స్త్రీకైనా సరే, ఉబుడోడా ఉంటుందన్న మ్పోండో వృద్ధుల మాట గాయంతో నిమిత్తం లేని పురుషత్వాన్ని సూచిస్తోంది. ఆ అర్థాన్ని దీక్షాబోధనలో తిరిగి ప్రధానం చేయడం పెద్దల పని. దానిని ఆచరించడానికి కావలసిన భూమి, ఉపాధి కల్పించడం ప్రభుత్వం పని. ఈ రెండూ జరిగేంతవరకు 1934లో మెలిగిలి చేసిన హెచ్చరిక చరిత్రగా మారదు, వర్తమానంగానే నిలుస్తుంది.